వీపు మీది ఎర్రమన్ను

శామీర్‌పేటలోని ఆ ఇంట్లో ఆదివారం పొద్దున సర్వపిండి వాసన వాకిలిదాకా వస్తోంది. ఏడేళ్ల నవ్యశ్రీ మొదటి ముక్క నోట్లో పెట్టుకోగానే "అబ్బా" అంది. పెదవి లోపలివైపు తెగి ఉంది.

సుచిత్ర పొయ్యి ఆపి కూతురి గడ్డం పట్టుకుంది. "గిదేంది? ఎవరు కొట్టిండ్రు?"

"బాక్సింగ్ క్లాసుల తాకిందమ్మా. నేనైతే ఏడ్వలే."

తూంకుంటలోని ఆ క్లాసులో సుచిత్ర భర్త ప్రతాప్ కూతుర్ని చేర్చి మూడు నెలలైంది. ఆ సాయంత్రమే మేడ్చల్‌లో చిన్నపిల్లల పోటీ. నవ్య పేరు ఇచ్చి వచ్చాడు గాని, ఆ సంగతి భార్యకు చెప్పలేదు. ఇప్పుడు చెప్పక తప్పలేదు.

"పాలపండ్లన్న అన్ని ఊడలే. దాన్ని తీస్కపోయి కొట్టిపిస్తవా?"

"హెల్మెట్ పెడ్తరు సుచిత్రా. ఆడపిల్లకు ధైర్యం రావద్దా?"

"మూతి పగిలితేనే వస్తదా ధైర్యం? మామా, నువ్వన్న చెప్పు. లేకుంటె నువ్వు గూడ కొడుకు దిక్కేనా?"

వాకిట్లో కుర్చీలో ఉన్నది ప్రతాప్ తండ్రి పర్వతాలు. నలిగిన చెవులే చెబుతాయి ఆయన పహిల్వాన్ అని. ఒకప్పుడు ఊరి తాలీంలో కుస్తీ నేర్పిన ఉస్తాద్. పసుపు, మజ్జిగ, నూనె కలిపిన ఎర్రమన్నులో ఎందరినో తయారుచేశాడు. గెలిచినవాడు ఓడినవాణ్ని లేపి, వీపు మన్ను దులపాలన్నది అక్కడి రివాజు. ఆ తాలీం ఉన్నచోట ఇప్పుడు ప్లాట్ల హద్దురాళ్లు ఉన్నాయి.

ప్రతాప్ కూతురి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. "పహిల్వాన్ బిడ్డ ఏడ్వది. అంతే గదా?"

"ఆ మాట నాది. ఇగ అనకు." అన్నాడు పర్వతాలు. కోడలి వైపు తిరిగాడు. "పదేండ్లు నిండని పోరగాండ్లు మన్ను తవ్వాలె, పడుడు నేర్వాలె. జోడీ కట్టి కుస్తీ పట్టుడు లేదు. ఆ కట్టుబాటు పెట్టింది నేనే బిడ్డా, తప్పింది గూడ నేనే. వీన్ని ఆరేండ్లకే దసరా నాడు బరిల దింపిన. నా కొడుకని తొందరపడ్డ. భుజం ఎముక ఇరిగింది. ఏడుస్తుంటె గీ మాటనే అన్న."

సుచిత్ర భర్త భుజం వైపు చూసింది. ఆ వంకర ఎముక గురించి అడిగినప్పుడల్లా సైకిల్ మీది నుంచి పడ్డానని చెప్పేవాడు.

"కుస్తీ మీద నాకు కోపం లేదు నాయినా," అన్నాడు ప్రతాప్ మెల్లగా. "తెల్లారంగనే నన్ను భుజాల మీద కూసోపెట్టుకొని పోతుంటివి. నువ్వు పారతోని తవ్వుతుంటె నేను మన్నుగడ్డలు చిదుముతుంటి. ఆ వాసన ఇంకా యాదికొస్తది. నవ్యకు గదే ఇద్దామనుకున్న. ఆ దసరా నుంచి నువ్వు నన్ను మల్ల తోల్కపోలే."

"నీ మొఖం జూసే ధైర్యం లేకుండె."

ప్రతాప్ లేచి ఫోన్ చేశాడు, నవ్య పోటీకి రాదని చెప్పాడు.

"ఇగ నేను క్లాసుకు పోవద్దా?" నవ్య మొఖం చిన్నబోయింది.

"పదేండ్లదాక దెబ్బలాట వద్దు తల్లీ. అప్పటిదాక పడుడు నేను నేర్పుత," అన్నాడు పర్వతాలు.

"పడుడు నువ్వు నేర్పు మామా, లేపుడు నేను జూసుకుంట," అంది సుచిత్ర కళ్లు తుడుచుకుంటూ.

సాయంత్రం పెరట్లో జామచెట్టు పక్కన పర్వతాలు మన్ను తవ్వాడు. ప్రతాప్ గడ్డలు చిదిమాడు. సుచిత్ర పసుపు డబ్బా ఖాళీ అయింది.

"ముందుగాల నాన్న పడాలె!" అంది నవ్య.

ప్రతాప్ ధబ్బున పడ్డాడు. నవ్య పడీ పడీ నవ్వింది. అతను లేచి నిలబడేసరికి వీపు మీద తండ్రి అరచేయి ఆనింది. మెల్లగా మన్ను దులుపుతోంది.

"నన్నెవరు ఓడగొట్టలే గదా నాయినా?"

"ఆ దసరా నాడు నిన్ను పడగొట్టింది నీతోని జోడీ కట్టిన పోరడు గాదు బిడ్డా. నేను. ఆనాడు దులపలే."

ప్రతాప్ వెనక్కి తిరగలేదు. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

"తాతా, నాన్న ఏడుస్తుండు!"

"ఏడ్వనియ్యి తల్లీ," అన్నాడు పర్వతాలు. మన్నంతా రాలిపోయినా ఆయన చేయి ఆగలేదు.