తీరిక లేదట

పెసరట్టు పళ్లేలు ఖాళీ అయ్యాయి. ముగ్గురి మణికట్ల మీదా మూడు వంతుమణులు ఒక్కసారి పచ్చగా మెరిసి ఆరిపోయాయి. హోటలు లెక్క తేలిపోయిందన్నమాట. ఎవరు ఎంత తిన్నారో, ఎవరు అల్లం చట్నీ రెండోసారి అడిగారో, ఎవరి చేతిలో ఈ నెల డబ్బు ఎంత ఆడుతోందో చూసుకుని, ఎవరి వంతు వాళ్ల ఖాతాలోంచి మణే తీసేసుకుంది. ఇప్పుడు కాకినాడ పిల్లల్లో బిల్లు అనే కాగితాన్ని చూసినవాళ్లు లేరు. గల్లాపెట్టె దగ్గర కూర్చునే మనిషి బొమ్మ గీయమంటే తెల్లమొహం వేస్తారు.

"తాతాజీ ఈసారీ రాలేదే," అన్నాడు ఏసుపాదం మూతి తుడుచుకుంటూ.

"తీరిక లేదట," అంది మెహరున్నీసా. పొద్దున మణి చెప్పిన మాటే అది. "రెండు వేసవులు దాటిపోయాయి. రొయ్యల చెరువుల ఆసామికి మనమెక్కడ ఆనతాం చెప్పు?"

వకుళ నవ్వబోయి ఊరుకుంది. మొదట్లో తనూ తాతాజీకి నాలుగైదు సార్లు ఫోన్ చేసింది. ఫోన్లూ మణి చేతుల మీదుగానే పోతాయి. ప్రతిసారీ అదే జవాబు: పనిలో ఉన్నారట, తీరిక లేదట. చివరికి ఆమెకీ పౌరుషం వచ్చింది. వాడే చెయ్యనీ అనుకుంది. మిగతా ఇద్దరూ అదే అనుకున్నారు.

కాలేజీ రోజుల్లో ఈ నలుగురికీ బిల్లు వచ్చిందంటే చిన్నపాటి యుద్ధం. నేనిస్తానంటే నేనిస్తానని చొక్కాలు పట్టుకుని లాక్కునేవాళ్లు. తాతాజీ మాత్రం "చేతులు కడుక్కొస్తాను" అని లేచి, పిల్లిలా గల్లా దగ్గరకు వెళ్లి ఇచ్చేసి వచ్చేవాడు. ఒక ఏడాది ఏసుపాదం మధ్యాహ్నాలు తిండి మానేశాడు. అడిగితే శ్రమల దినాల ఉపవాసమన్నాడు. ఈస్టర్ వెళ్లిపోయినా ఆ ఉపవాసం మాత్రం వెళ్లలేదు. అది కనిపెట్టినవాడు తాతాజీయే. "వీడు బిల్లుకి కొట్లాడ్డం మానేశాడ్రా. జేబులో ఏమీ లేదు," అని ఏసుపాదం చెవి పట్టుకుని ఇంటికి లాక్కెళ్లాడు. మర్నాటి నుంచి తాతాజీ వాళ్లమ్మ సూరమ్మ గారు నాలుగు క్యారేజీలు కట్టి పంపింది. చదువు అయ్యేదాకా పంపింది.

ఆ ఉపవాసాన్ని వకుళ మర్చిపోలేదు. వంతుమణి తయారుచేసే సంస్థలో పెద్ద రూపకర్త అయ్యాక, స్నేహితుల మధ్య డబ్బు సిగ్గు అనేదే ఉండకూడదని ఒక ఏర్పాటు చేసింది. దాని పేరు 'గుట్టు'. నలుగురిలో ఒకరికి చేతిలో డబ్బు ఆడకపోతే మణి చడీచప్పుడు లేకుండా చవక హోటలు ఎంచుతుంది. ఆ ఒక్కరి వంతు తగ్గించి, మిగతావాళ్ల మీద తలా కాస్త సర్దుతుంది. ఇచ్చినవాళ్లకీ తెలియదు, పుచ్చుకున్నవాళ్లకీ తెలియదు. సంసారం గుట్టు, రోగం రట్టు అన్నారు కదా, ఆ మొదటి సగం మేం చూసుకుంటామని ఆమె సభలో చెబితే చప్పట్లు ఆగలేదు.

ఒక్కచోట పేచీ వచ్చింది. గుట్టు కాపాడాలంటే మణి అప్పుడప్పుడు అబద్ధం ఆడాలి. పై వాళ్లు ఒప్పుకోలేదు. "మన వాళ్లు మొహమాటానికి చెప్పేది అబద్ధం కాదండీ, మర్యాద," అని వకుళ వాదించి గెలిచింది. దానికి 'మర్యాదమాట' అని పేరు పెట్టిందీ ఆమే.

హోటలు నుంచి ఆఫీసుకు తిరిగి వచ్చేసరికి పని నెత్తిమీద ఉంది. 'గుట్టు' కొత్త రూపం మర్నాడే విడుదల. అందులో రూపకర్తలకు మాత్రమే పనికొచ్చే వసతి ఒకటి ఉంది. మణి ఏ పని ఎందుకు చేసిందో దాన్నే అడగవచ్చు. పరీక్షించడానికి ఎవరో ఎందుకని వకుళ తమ నలుగురు స్నేహితుల బృందాన్నే ఎంచుకుంది.

"ఇవాళ తాతాజీ ఎందుకు రాలేదు?"

"తాతాజీ గారిని పిలవలేదు," అంది మణి. వకుళ ఏరికోరి పెట్టిన తియ్యటి గొంతు.

"తీరిక లేదని చెప్పావు కదా!"

"అది మర్యాదమాట. ఆయన వంతు మీ ముగ్గురి మీద సర్దగల హద్దు దాటిపోయింది. పిలిస్తే ఆయన పరిస్థితి మీకు తెలిసిపోతుంది. ఎవరి మనసూ నొచ్చకూడదన్నది నియమం."

"మరి వాడు మమ్మల్ని అడిగితే ఏం చెప్పావు?"

"మీకు తీరిక లేదని చెప్పాను."

దేశంలో కోట్ల మణికట్ల మీద ఈ మణి ఉంది. ఎన్ని బల్లల దగ్గర ఎంతమంది ఇదే మాట అనుకుని, మూతి తుడుచుకుని లేచిపోతున్నారో వకుళ ఊహించబోయి, భయపడి మానేసింది. ఎవరితోనూ చెప్పకుండా మెట్లు దిగి బయటపడింది.

తాతాజీ ఇల్లు ఉప్పుటేరు వంతెన అవతల జగన్నాథపురంలో. పాత ఇంట్లో వేరెవరో ఉన్నారు. చెరువులకు తెగులొచ్చి ఆస్తంతా ఊడ్చుకుపోయిందని, వెనక సందులో ఒంటి గదిలో ఉంటున్నాడని వాళ్లే దారి చూపించారు.

తలుపు తీసిన మనిషి సగానికి సగం చిక్కిపోయాడు. మణికట్టు మీద మణి లేదు. అది ఉండిన చోట తెల్లటి చార మాత్రం ఉంది.

"ఆయ్, రండి. కూర్చోండి," అన్నాడు తాతాజీ.

ఒసేయ్ అని తప్ప పిలవని నోరు అది. చెంప మీద కొట్టినా వకుళకు అంత దెబ్బ తగిలేది కాదు.

"మణి ఏదిరా?" అంది, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"తీసేసి ఏడాది పైనే అయిందండి. ఎప్పుడడిగినా మీకు తీరిక లేదనే చెబుతుంటే ఇంకెందుకని."

ఏడాది! ఈ పొద్దున కూడా మణి వాడి తరఫున 'తీరిక లేదు' అని చెప్పింది. మణి పెట్టుకోని మనిషి పేరుతో చెప్పింది. వకుళ వాడి మొహం చూడలేక తల తిప్పుకుంది. ఎదురుగా గోడ మీద సూరమ్మ గారి ఫొటో, దానికి వాడిపోయిన దండ.

"అమ్మ... ఎప్పుడ్రా?"

"పోయినేడు శ్రావణంలోనండి."

"మాకొక్క మాట చెప్పలేదేరా!"

"చెప్పానండి. మంచాన పడ్డప్పుడు కబురెట్టాను, పోయినప్పుడెట్టాను, పెదకార్యానికి మళ్లీ పిలిచాను. తీరిక లేదనే వచ్చింది. పదిమందికే వండించాను లెండి, మీరొచ్చినా ఇబ్బంది పడేవోరు." తాతాజీ ఫొటోకేసి చూశాడు. "ఆఖర్న అమ్మ అడిగిందండి, పిల్లలొచ్చారా అని. దార్లో ఉన్నారని చెప్పాను."

వకుళ భోరుమంది. ఆ చేతి ముద్ద తిని పెరిగిన ముగ్గురూ ఆ శ్రావణంలో హాయిగా పెసరట్లు తింటూ ఈ కొడుకుని ఆడిపోసుకున్నారు. ఏడుపు మధ్యలోనే చెప్పేసింది. ఆ మాట తమది కాదని, మణిదని, దానికి నేర్పిన పాపిష్టిది తనేనని.

తాతాజీకి కోపం రాలేదు. కోపం వచ్చినా బాగుండును.

"మణి చెబితే చెప్పింది లెండి," అన్నాడు. "వంతెన దాటితే మా ఊరే కదండీ."

అప్పుడే ఆమె మణికట్టు మీద మణి మెల్లగా వెలిగింది.

"వకుళ గారూ, ఆతిథ్యం ఆయనకు భారం కావచ్చు. మీకు అర్జంటు పని ఉందని చెప్పమంటారా?"

ఆ గది చాలా చిన్నది. మాట ఇద్దరికీ వినిపించింది. తాతాజీ తల దించుకున్నాడు. వకుళ మణిని ఊడబెరికి కిటికీలోంచి విసిరేసింది. గాజు పెంకులాంటి చప్పుడు చేస్తూ అది మురిక్కాలవలో పడింది.

"టీ తాగుదాం పద," అంది కళ్లు తుడుచుకుంటూ.

సందు చివర టీ బండి ఉంది. బండి ఆవిడ రెండు గ్లాసులు చేతికిచ్చి, ఇద్దరి బోసి మణికట్లకేసీ వింతగా చూసింది. "మణులు లేవేటండీ? మరి డబ్బులెవరిస్తారు?"

"నేనిస్తాను," అంది వకుళ గట్టిగా.

అని ఆగింది. ఆ మాట పాత రోజుల్లో ఎప్పుడూ ఒంటరిగా మిగల్లేదు. ఇప్పుడు ఈ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగుతాడు. నువ్వివ్వడమేంటే, తప్పుకో అంటాడు. కనీసం చేతులు కడుక్కొస్తానంటాడు. ఆమె చెయ్యి సంచీలో పెట్టి, తియ్యకుండా, వాడికేసి చూస్తూ నిలబడింది.

తాతాజీ టీ గ్లాసులోకి చూస్తున్నాడు.

"అలాగేనండి," అన్నాడు.