తిరగని తాళంచెవి

"పాప నిద్రపోయిందా?"

ఫోన్‌లో మామయ్య గొంతు.

"ఇప్పుడే పడుకుంది," అంది పిన్ని.

లైన్ సేఫ్ అని అర్థం. ఆ డిపార్ట్‌మెంట్‌లో వరసలే కోడ్ నేమ్స్. చీఫ్ మామయ్య, మెకానిక్ తాత. ఎవరైనా దొంగచాటుగా విన్నా ఏదో ఇంటి గోల అనుకుని పెట్టేస్తారు. పిన్ని అక్కడ నంబర్ వన్ ఏజెంట్. వెలిసిన కాటన్ బట్టలు, భుజాన గుడ్డసంచి. బస్సులో పక్క సీట్లో కూర్చున్నా ఎవరూ రెండోసారి చూడరు. ఆమె డిస్గైజ్ అదే.

"గ్యారేజీకి రా. అర్జెంట్."

గ్యారేజీలో బ్రీఫింగ్ మూడు నిమిషాల్లో అయిపోయింది.

"సిటీ కరెంట్ కంట్రోల్ రూమ్‌లో ఒక ఇంజనీరమ్మ ఉంది," అన్నాడు మామయ్య. "మాస్టర్ పాస్‌వర్డ్ ఆమె ఒక్కదానికే తెలుసు. మధ్యాహ్నం రెండింటికి ఆమె షిఫ్ట్ దిగిపోతుంది. ఈలోపు పాస్‌వర్డ్ కొట్టి సిస్టమ్ మాకు అప్పగించు, లేకపోతే నీ కూతురు దక్కదని విదేశీ ముఠా ఫోన్ చేసింది."

"అప్పగిస్తే?"

"ఈ ఎండల్లో ఊరంతా కరెంట్ పోతుంది. ఆసుపత్రుల్లో మిషన్లు ఆగిపోతాయి. అద్దాల పెట్టెల్లో పెట్టిన నెలలు నిండని పిల్లలు..." మామయ్య పిన్ని ముఖం చూసి ఆ వాక్యం అక్కడే మింగేశాడు. "పిల్ల ఏడుపు నా చెవితో వింటేనే కొడతానందట ఇంజనీరమ్మ. అందుకని వాళ్ళకి పిల్ల కావాలి. నాలుగేళ్ళు. పేరు బుజ్జి అని పిలుస్తారు. డ్రాయింగ్ క్లాసులో ఉంది. వాళ్ళకంటే ముందు నువ్వు ఎత్తుకురావాలి."

"ఆమెకి మనమే చెప్పొచ్చుగా, పిల్ల మన దగ్గరే ఉందని?"

"నా మాట ఎందుకు నమ్ముతుంది? కూతురు చెప్తే నమ్ముతుంది. ఆమె టేబుల్ కింద మన స్పీకర్ పెట్టాం. అది నీ కారు రేడియోకి పలుకుతుంది. పిల్లని ఎక్కించగానే ఇంజన్ స్టార్ట్ చేసి, ఒక్క మాట మాట్లాడించు. చాలు."

"తుపాకీ?"

"పిల్లలున్న పనికి తుపాకీ ఇవ్వం. రూల్. బుల్లెట్‌ప్రూఫ్ కారిస్తాం."

తాత కారు చుట్టూ తిప్పి చూపించాడు. పాత బండి. అద్దాలు మందం, కిందికి దిగవు. డ్రైవర్ తలుపులో తుపాకీ గొట్టం పట్టేంత రంధ్రం ఒకటుంది. తలుపు నంబర్ నొక్కితే తెరుచుకుంటుంది.

"తాళంచెవి మాత్రం ఇగ్నిషన్‌లోనే వదిలి దిగాలి," అన్నాడు తాత. "వెనక మనుషులు తరుముతుంటే సంచిలో వెతుక్కోవడం కుదరదని మన రూలు. ఇంకో మాట. ఈ తాళం ఎండకి బిగుసుకుంటుంది. నూనె మాత్రం పొయ్యకు తల్లీ. దుమ్ముతో కలిసి జిగురైపోద్ది. నా దగ్గర నల్లపొడి ఉంది, పెన్సిల్లో ఉండేదే. తిరిగొచ్చాక వేస్తాను."

పిన్ని ఆ బండి ఎక్కడం ఇది మొదటిసారి కాదు. నిన్న సాయంత్రం తాళం బిగుతుగా ఉంటే, ఇంట్లో బీరువాకి వేసినట్టే, కుట్టుమిషన్ నూనె వేసేసింది. చెప్తే తాత అరుస్తాడు. నాలుగు చుక్కలేగా, అనుకుంది.

డ్రాయింగ్ క్లాసు దగ్గర చెట్టూ లేదు, షెడ్డూ లేదు. గోడల మధ్య సిమెంటు నేల పెనంలా ఉంది. తల్లి చేతిరాతని అచ్చంగా దించిన చీటీ టీచర్‌కి చూపించి, పిల్లని బయటికి తెచ్చేసరికి ఒంటిగంటా ఇరవై ఐదు. బుజ్జి చేతిలో పెన్సిల్. దాని వెనక కుందేలు బొమ్మ రబ్బరు.

"మీరు నిజంగా నా పిన్నేనా?"

"అందరికీ పిన్నినే. ఎక్కు."

ఎక్కింది. తలుపు వేసింది. పావుగంట ఎండలో వేలాడిన తాళంచెవిని పట్టుకోగానే వేళ్ళు చురుక్కుమన్నాయి. కంగారులో స్టీరింగ్ పట్టి లాగింది. అది 'టక్' మని బిగుసుకుంది. తాళంచెవి తిప్పింది.

తిరగలేదు.

మళ్ళీ తిప్పింది. గేర్ చూసింది, పార్కింగ్‌లోనే ఉంది. చెవి బయటికి లాగింది. కొసన నల్లటి జిగురు. నాలుగు చుక్కల నూనె.

సరిగ్గా అప్పుడే గేటు దారిలోకి పొడవాటి తెల్ల కారు వచ్చి, ఎడమ గోడకి ఆనుకుని ఆగింది. కొత్త కారు, బటన్ నొక్కితే స్టార్టయ్యే రకం. ఇద్దరు మనుషులు దిగారు. వాళ్ళ వెనక నల్ల కళ్ళద్దాలు, ఎర్రటి లిప్‌స్టిక్, పట్టు స్కార్ఫ్. ఒక చేతిలో పిస్టల్, ఇంకో చేతిలో ఫోన్. కారు రిమోట్ తాళంచెవి డాష్‌బోర్డు మీద పడేసి, తాపీగా నడిచి వచ్చింది.

పిన్ని గుర్తుపట్టింది. మూడేళ్ళుగా డిపార్ట్‌మెంట్ వైర్‌లెస్ చూస్తున్న వదిన! నిన్న మధ్యాహ్నం తన పక్కనే కూర్చుని టీ తాగిన వదిన.

వదిన రంధ్రం దగ్గర వంగింది. "తలుపు తియ్యి పిన్నీ. పిల్ల ఉడికిపోతోంది."

"నువ్వు చేసే పని ఇదా వదినా?"

"జీతం తక్కువ, ఎండ ఎక్కువ. నేనేం చెయ్యను? తియ్యవా? సరే, తియ్యకు. నాక్కావలసింది పిల్ల కూడా కాదు. ఒక్క ఏడుపు." ఫోన్‌ని రంధ్రానికి ఆనించింది. "లైన్లో వాళ్ళమ్మే ఉంది. మన మాటలు వినపడకుండా మైక్ నొక్కి ఉంచా. పిల్ల మొదలెట్టగానే వదిలేస్తా. ఎంతసేపు ఓర్చుకుంటుంది, నాలుగేళ్ళ పిల్ల?"

పిన్ని తన ఫోన్ తీసింది. తెర మీద ఒకటే మాట: వేడెక్కింది, చల్లారాక వాడండి. సంచిలో టియర్ గ్యాస్ లిప్‌స్టిక్ ఉంది. మూసిన కారులో అదెందుకు, తమ కళ్ళు మంటెక్కడానికా? రంధ్రంలో గుడ్డ కుక్కేస్తే ఏడుపు బయటికి పోదు. కానీ గాలి వచ్చేది కూడా అక్కడినుంచే. తలుపు తీస్తే తుపాకులు. తియ్యకపోతే కొలిమి.

బుజ్జి బుగ్గలు కందిపోయాయి. నుదుటి జుట్టు తడిసి అతుక్కుపోయింది.

"పిన్నీ, ఉక్కగా ఉంది."

"అవును బంగారం. మనం ఒక ఆట ఆడదాం. ఎవరు ముందు ఏడిస్తే వాళ్ళు ఓడినట్టు."

"ఆ ఆంటీ కూడా ఆడుతోందా?"

"ఆంటీ బాగా ఆడుతోంది. మనమే గెలవాలి."

సంచిలోని సీసాలో నీళ్ళు దోసెడే ఉన్నాయి. చల్లార్చడానికి తాళంచెవికి పొయ్యాలా, పిల్లకా? ఆ ప్రశ్న పిన్నికి రానే లేదు. సగం తాగించింది. మిగిలిన వాటితో చేతిరుమాలు తడిపి పిల్ల మెడా చంకలూ తుడిచింది. ఆ తడిగుడ్డలోనే తాళంచెవి చుట్టి చల్లార్చింది. జిగురంతా గీకి తుడిచింది. పెట్టి తిప్పింది. కొంచెం కదిలి ఆగిపోయింది. గట్టిగా తిప్పబోయి, చెవి వంగుతున్నట్టనిపించి చెయ్యి తీసేసింది. లోపల విరిగితే అంతే సంగతులు.

ఒంటిగంటా యాభై. వదిన పిస్టల్ పిడితో కారు టాపు మీద దడదడ కొట్టింది. బుజ్జి ఉలిక్కిపడి పిన్ని ఒళ్ళో దూరింది. కింది పెదవి వణికింది.

"ఏడవట్లేదు," అంది బుజ్జి, ఏడుపు గొంతుతో.

"చూశాగా. నువ్వే గెలుస్తున్నావు."

పిన్ని కళ్ళు కుందేలు రబ్బరు మీద పడ్డాయి. పెన్సిల్లో ఉండే నల్లపొడి.

"బుజ్జీ, నీ పెన్సిల్ ఒక్కసారి ఇస్తావా?"

"ఇవ్వను. అమ్మ కొన్నది."

లాక్కుంటే ఏడుస్తుంది. ఏడిస్తే అయిపోయింది. బయట నుంచి వదిన నవ్వు. "ఏంటి పిన్నీ, పెన్సిల్ కోసం గొడవా?"

"ఇవ్వక్కర్లేదు బంగారం. నువ్వే గియ్యి. ఈ తాళంచెవికి నల్లరంగు వెయ్యాలి. రెండు వైపులా, పళ్ళ సందుల్లో కూడా. వేస్తావా? నాకు చేతకాదు."

బుజ్జి ఆలోచించింది. ముక్కు మీది చెమట తుడుచుకుంది. తర్వాత నాలుక బయటపెట్టి, శ్రద్ధగా రంగు వెయ్యడం మొదలుపెట్టింది. ఒక వైపు అయింది. రెండో వైపు అయింది. పిన్ని చెవిని తాళంలో పెట్టి, తీసి, మళ్ళీ ఇచ్చింది. "ఇంకో కోటింగ్." యాభై ఐదు. యాభై ఏడు. పిల్ల ఊపిరి వేగంగా వస్తోంది. పిన్ని చూపు దాని ఛాతీ మీదా, వాచీ మీదా.

"ఈ సందులోకి నాకు పోవట్లేదు. నువ్వు రాయి," అంది బుజ్జి, పెన్సిల్ అందిస్తూ.

పిన్ని చెయ్యి చెమటతో జారింది. పెన్సిల్ ముల్లు 'టప్' మని విరిగింది.

బుజ్జి విరిగిన పెన్సిల్ చూసింది. పిన్నిని చూసింది. నోరు తెరిచింది. ఇందాకటినుంచి ఆపుకున్నదంతా ఒక్కసారి బయటికొచ్చింది.

వదిన ముఖం వెలిగిపోయింది. ఫోన్ మీద బొటనవేలు తీసి రంధ్రానికి గట్టిగా ఆనించింది. "విన్నావా అమ్మా నీ కూతుర్ని? కొట్టు," అని మళ్ళీ మైక్ నొక్కేసింది.

ఒంటిగంటా యాభై తొమ్మిది. కంట్రోల్ రూమ్‌లో ఇంజనీరమ్మ వేళ్ళు కీబోర్డు మీద కదిలాయి. పాస్‌వర్డ్ మొత్తం కొట్టేసింది. ఎంటర్ ఒక్కటే మిగిలింది.

పిన్ని ఎడమచేత్తో స్టీరింగ్‌ని మెల్లగా అటూ ఇటూ ఊపింది. కుడిచేత్తో చెవిని, నిద్రపోయే పిల్లని పక్కకి తిప్పినంత నెమ్మదిగా, తిప్పింది.

కదిలింది. డాష్‌బోర్డు దీపాలు వెలిగాయి. రేడియో గుర్రుమంది.

"బుజ్జీ, అమ్మ వింటోంది. ఎందుకేడుస్తున్నావో చెప్పు!"

"అమ్మా... పిన్ని నా కుందేలు పెన్సిల్ ముక్కు విరగ్గొట్టేసింది!"

టేబుల్ కింద స్పీకర్ అదే మాట పలికింది. ఇంజనీరమ్మ వేలు ఎంటర్ మీద ఆగిపోయింది. ప్రాణభయంతో ఏడ్చే పిల్ల పెన్సిల్ గురించి చాడీలు చెప్పదు. ఆ ఏడుపు ఏ రకందో తల్లికి చెప్పాలా?

"అంతేనా తల్లీ?" అంది. కొట్టిందంతా చెరిపేసి, సీట్లోంచి లేచిపోయింది.

గంట రెండు కొట్టింది.

చెవి ఇంకో మెట్టు తిరిగింది. ఇంజన్ అందుకుంది. పిన్ని ఏసీ పూర్తిగా పిల్ల వైపు తిప్పి, రేడియోలో, "మామయ్యా, పాలు విరిగాయి, వదినే కలిపింది. మనుషుల్ని పంపించు," అంది.

వదిన, ఆ ఇద్దరూ తెల్ల కారులోకి దూకారు. వదిన బటన్ నొక్కింది. స్టార్ట్ కాలేదు. మళ్ళీ నొక్కింది. అద్దం కింద ముప్పై ఐదు నిమిషాలు వేగిన తాళం ఆమె చేతిలో చురచురలాడుతోంది. తెర మీద అక్షరాలు: తాళంచెవి కనబడలేదు. ఈలోపు పిన్ని బండి వచ్చి వాళ్ళ కుడివైపు తలుపులకి వేలెడు సందు కూడా లేకుండా ఆగింది. ఎడమవైపు గోడ. అద్దాలు దిగాలన్నా ఆ బటనే పనిచెయ్యాలి.

మామయ్య మనుషులు ఐదు నిమిషాల్లో వచ్చారు. లోపల ముగ్గురూ అప్పటికి ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటున్నారు.

చేతులకి సంకెళ్ళు పడ్డాక వదిన అడిగిన మొదటి మాట: "కొత్త కారు. ఎందుకు స్టార్ట్ కాలేదు?"

"తాళాన్ని ఎండలో పెట్టావు, లోపలి బ్యాటరీ వేడెక్కింది. కాసేపు చల్లార్చి, బటన్‌కే ఆనించి నొక్కితే స్టార్టయ్యేది," అంది పిన్ని, చంకలో నిద్రపోతున్న బుజ్జి తల సర్దుతూ.

"మరి అప్పుడే చెప్పొచ్చుగా?"

"చెప్దామనే పక్కన ఆపాను వదినా. నువ్వే తలుపు తియ్యలేదు."