ఏరు కోసం ఏరిన పిల్ల

పిల్లలూ, ఏటిగడ్డ రాజ్యానికి ఉన్నదల్లా ఒక్క ఏరు. ఏటేటా చైత్రం రాగానే ఆ ఏరు ఉన్నట్టుండి ఆగిపోయేది. చేపలు ఒడ్డున పడేవి, పడవలు ఇసుకలో పడేవి, జనం దిగుల్లో పడేవారు. అప్పుడు మంత్రి నయవర్మ ఏరు కోసం ఒక మనిషిని ఏరేవాడు. ఆయన పేరులో ఉన్నది నయం. వంచన ఎక్కడుందో ముందు ముందు మీకే తెలుస్తుంది.

ఆ ఏడు కూడా చాటింపు వేశారు. కొండగుహలో నిద్రపోయిన ఏటిని లేపడానికి మనిషి కావాలి, అనుభవం అక్కర్లేదు, ఉత్సాహం ఉంటే చాలు, తిరిగొచ్చాక రాజుగారి పడవల మీద పెత్తనం ఇస్తారు. తెడ్డు పట్టి తలలు నెరిసినవాళ్ళు ఆ మాట విని ఇళ్ళలోకి పోయి తలుపులు వేసుకున్నారు. బుట్టలల్లే ఇంటి పిల్ల నూకాలు మాత్రం చేతిలో వెదురుబద్ద పడేసి కోటకు పరుగెత్తింది. ఆమెకు చిన్ననాటి నుంచీ పడవ నడపాలని కోరిక. బుట్టలల్లే చేతికి తెడ్డెవరిస్తారని రేవంతా నవ్వేది.

తనకేమీ తెలియదని ఆమె నిజాయితీగా ఒప్పుకుంది. అదే కావలసిందన్నాడు నయవర్మ. ముందు వెళ్ళిన పదిమందీ పని ముగించారనీ, ఆ పేరు విని పొరుగు రాజులు పెద్ద కొలువులిచ్చి పిలుచుకుపోయారనీ చెప్పాడు.

“గుహ ముందు కళ్ళు మూసుకుని నిలబడు, తల్లీ. మిగతా పని దానంతటదే అయిపోతుంది.”

అంతవరకు నూకాలును ఎవరూ దేనికీ ఏరుకోలేదు. బుట్టలల్లే పిల్ల అలా బుట్టలో పడింది.

మొదటి రోజు ముళ్ళ అడవి అడ్డం వచ్చింది. తీగలతో చాప అల్లి, ముళ్ళ మీద పరిచి దాటింది. రెండో రోజు మాట్లాడే బెబ్బులి ఎదురైంది. కొత్తగా కొలువులో చేరానని నూకాలు గర్వంగా చెప్పగానే అది చెవులు వేలాడేసి, నీకు వేరేచోట విస్తరి వేశారులే అని దారి విడిచింది. తనను విందుకు పిలుస్తున్నారనుకుని ఆమె మురిసింది.

మూడో రోజు వెదురుపొదల మధ్య ఒక ముని కనిపించాడు. నూకాలు దండం పెట్టింది.

“స్వామీ, ఈ పనిలో నాకంటే ముందు చేరినవాళ్ళు ఏ రాజ్యంలో ఉంటారండి? వాళ్ళ దగ్గర కాస్త నేర్చుకుని వెళతాను.”

ముని కొండ వైపు చేయి చూపాడు.

“గుటకాసురుడి పొట్టలో ఉంటారమ్మా.”

తరువాత అంతా చెప్పాడు. ఏటిని మింగింది ఆ రాక్షసుడే. ఏడాదికొక మనిషిని మింగి, ఏడాదికి సరిపడా నీళ్ళు వదులుతాడు. బలవంతంగా తెచ్చినవాళ్ళు అతనికి మింగుడు పడరు, ఇష్టంగా రావాలి. సంగతి తెలిసినవాళ్ళు ఇష్టంగా రారు. అందుకే ఏమీ తెలియనివాళ్ళను ఏరి పంపుతానని నయవర్మ మాటిచ్చాడు. ఏటేటా ఏరు తెప్పించిన ఘనత మీదే ఆయన పదవి నిలిచింది. మింగబడ్డవాళ్ళు చావలేదు, నీళ్ళతోపాటు లోపలే బందీలుగా ఉన్నారు.

 నూకాలుకు భయం కంటే ముందు సిగ్గు వచ్చింది. తండ్రి అటుకులు మూటగట్టి ఇచ్చి, నా కూతురిది రాజుగారి కొలువని రేవంతా చాటాడు. మెచ్చి తీసుకున్నారనుకుంది. మెతుకుగా తీసుకున్నారు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అంటారు. నయవర్మ దగ్గర పాపం మల్లయ్యకు దాటే యోగమైనా లేదు.

వెనక్కి పోతావా అని ముని అడిగాడు.

“మోసం చేసింది మంత్రిగారు. ఏరు నాకేం చేసింది స్వామీ?” అంది నూకాలు కళ్ళు తుడుచుకుంటూ.

వెదురు నరికి మూడు రోజులు అల్లింది. గుగ్గిలం కాచి పూసింది. గుండ్రంగా, గదంత వెడల్పున పుట్టి తయారైంది. చూపుకి బుట్టే, కానీ చుక్క నీరు చొరదు. దాన్ని గుహ ముందుకు దొర్లించుకుపోయి, వెదురు తెడ్డు పట్టుకుని అందులో కూర్చుంది.

గుటకాసురుడు కొండంత పొట్టతో బయటికొచ్చి, ఈసారి పళ్ళెంతో సహా పంపారే అని సంబరపడి నోట్లో వేసుకున్నాడు. నూకాలు కళ్ళు మూసుకోలేదు. పుట్టి గొంతుకు అడ్డం పడింది. రాక్షసుడికి పొలమారింది. ఎవరో తలుచుకుంటున్నారని నెత్తి తట్టుకున్నాడు. తలుచుకునేవాళ్ళు పదిమంది పొట్టలోనే ఉన్నారు మరి. ఆమె తెడ్డుతో కొండనాలుక మీద పొడిచింది. మూడో దగ్గుకు ఏరంతా ఎగదన్నుకు వచ్చి పుట్టిని బయటికి విసిరింది, నీళ్ళతోపాటు పదిమందీ వచ్చారు. ఒక్కొక్కరినీ చేయి పట్టి పుట్టిలోకి లాగింది. రాక్షసుడు ఖాళీ తోలుతిత్తిలా రాళ్ళ మీద ముడుచుకుపోయాడు. పుట్టి మునగలేదు. నూకాలుకు భూమ్మీద ఇంకా నూకలున్నాయి.

ఏటి హోరు వినబడగానే రేవులో నయవర్మ రాజుగారి ఎదుటే నూకాలు తండ్రిని పిలిచి, నీ కూతురికి పొరుగు రాజ్యంలో కొలువు దొరికిందయ్యా అని చెప్పాడు. ఆ మాట పూర్తయ్యేలోగా పదకొండు మందితో పుట్టి మలుపు తిరిగింది.

నూకాలు దిగి మంత్రి ముందు నిలబడింది.

“తల్లీ అన్నారు కదండీ,” అంది.

మిగతాది ఆ పదిమందీ చెప్పారు. రాజు నయవర్మను పొలిమేర దాటించి, పడవల పెత్తనం నూకాలుకిచ్చాడు. వాటికి మనుషుల్ని ఏరే పనీ ఆమెదే. కొలువు కోరి వచ్చినవాళ్ళను ఆమె ముందుగా ఆ పదిమంది దగ్గర కూర్చోబెట్టేది. సుడులెక్కడ, మొసళ్ళెక్కడ, ఎవరు మునిగారు, ఎందుకు మునిగారు, వాళ్ళు ఏదీ దాచకుండా చెప్పేవారు. విన్నాక సగం మంది ఇంటిదారి పట్టేవారు. మిగిలినవాళ్ళలో ఒక్కరికీ అనుభవం ఉండేది కాదు. నూకాలు వాళ్ళనే తీసుకునేది.