టోపీ తీసిన చోట

లతింగ్ మహా గూఢచారి అని మా లవంగాల దీవి సెరామ్ తీరంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. చెప్పుకోనీ. నా తోట పోయింది అతనివల్లే.

లవంగం తనకే అమ్మాలంది డచ్చి కంపెనీ, అదీ తను చెప్పిన ధరకే. మకస్సర్ పడవవాళ్లు మూడింతలు ఇస్తారు. వాళ్లకు సరుకు దొరక్కూడదని కంపెనీ కొండకొండకూ తిరిగి చెట్లు నరికించింది. మిగిలింది వెదురు పొదల వెనక నా తోట ఒక్కటే. మొగ్గ తొడిగింది. కోతదాకా దాచగలిగితే ఊరు ఏడాది తింటుంది.

ఊరి పెద్ద తూనీ లతింగ్‌ను పిలిపించాడు.

"ఒరే, ఇకనుంచి నువ్వు కంపెనీ పట్నం బటావియా నుంచి దిగిన దుబాసీవి. చెట్లు వెతికే కంపెనీ కెప్టెన్ పక్కనే నడువు. తోటవైపు చూపు పోనివ్వకు."

"గుర్తుపడితే?"

"ఈ వేషంలో మీ అమ్మే గుర్తుపట్టదు, పోరా!"

పొడుగు టోపీ, బూట్లు, లోపల కత్తి దాచిన చేతికర్ర. కంపెనీ కోటలో వంట చేసే సలేహా లతింగ్ మనిషి. కెప్టెన్‌కు అనుమానం తగిలితే, రొట్టె అందిస్తూ "పిండి పులిసింది" అనాలి. అదీ గుర్తు. ఆ ఉదయం ఆమె రొట్టె ఇచ్చి నవ్వింది, అంతే. పెళ్లాడబోయే మనిషి నవ్వు. లతింగ్ నమ్మాడు.

కొండదారిలో సిపాయిలతో వస్తున్న కెప్టెన్ ఆగాడు. "ఆ వెదురు వెనక ఏముందయ్యా దుబాసీ?"

"ఊబి దొరా. మొన్న అడవిపంది దిగబడి చచ్చింది."

"అయితే వెనక్కి పదండి."

గెలిచినట్టే. ఒక్క మలుపు దాటితే చాలు. అప్పుడే గాలి తిరిగి మొగ్గల వాసన మోసుకొచ్చింది.

మొగ్గ తొడిగిన లవంగ చెట్టు మాకు కడుపుతో ఉన్న ఆడమనిషి. దాని దగ్గర కేక వేయం, టోపీతో నడవం. లతింగ్ చెయ్యి దానంతటదే లేచింది. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

కెప్టెన్ నవ్వాడు. "నీ టోపీనే చూస్తుండమంది సలేహా. ఎక్కడ తీస్తే అక్కడే చెట్లున్నట్టట!"

కర్రలోంచి కత్తి సగం కూడా బయటికి రాలేదు. తుపాకులు పేలాయి. ఆ వెంటనే చెట్లమీద గొడ్డళ్లు పడ్డాయి.

సలేహా తమ్ముడు కంపెనీ చెరలో ఉన్నాడు; అతణ్ణి ఆ సాయంత్రమే వదిలేశారు. కోటకు తెచ్చిన లతింగ్ టోపీని మాత్రం ఆమె ఎవరికీ ఇవ్వలేదట.

లతింగ్‌ను రోజూ తిట్టుకుంటాను. అయినా ఆ మోడుల పక్కనుంచి టోపీతో నడవడం నాకూ చేతకాదు. పోయినవి ముప్పై ఏడు చెట్లు. అందులో ఒకటి నా కూతురు పుట్టిననాడు నాటింది.