అడుగు తగలని వల

ఇలా దగ్గరికి జరగండర్రా. కాళ్లు మడుచుకుని కూర్చోండి, వెనకవాళ్లకీ వినబడాలిగా.

నాగాయలంక అవతల, సముద్రం ఒడ్డున నాగులని చేపలుపట్టేవాడు ఉండేవాడు. పెద్ద ఉప్పెన రావడానికి రెండేళ్ల ముందు మాట. వాడి బావమరిది బంగార్రాజు బందరు రేవులో కూలికిపోయి, ఓ పరిశోధన ఓడలోంచి మూటెడు నల్లరాళ్లు తెచ్చాడు. ఒక్కోటీ బంగాళాదుంపంత. ఎండ పొడ సోకని లోతున, ఇనపబొక్కెనతో సముద్రం అడుగు గీకి తీశార్ట. కిందటేడు గీకినచోట లేచిన బురద ఇంకా అణగలేదుట. ఆ రాళ్లకే అంటుకుని బతికినవేవీ అక్కడ మళ్లీ కనబడలేదుట. బంగార్రాజు నవ్వుతూనే చెప్పాడు ఇదంతా.

వల మునగడానికి అడుగుతాడుకి కాల్చిన మట్టిపూసలు కడతారు. అవి ఊరికే పగిలిపోతుంటాయి. నాగులుకి ఆశ పుట్టింది. పూసలు కోసేసి, ఆ రాళ్లు కట్టాడు.

ఇద్దరూ వేటకి బయల్దేరేటప్పుడు నాగులు భార్య గంగారత్నం, "నా తమ్ముడు జాగ్రత్త" అని ఒక్కమాటంది. తల్లి పోయాక వాణ్ణి పెంచింది తనే.

మిట్టమధ్యాహ్నం. గాలి లేదు. వల వదిలారు. అక్కడ లోతు ఆరు బారలు, నాగులుకి చిన్నప్పట్నించీ తెలుసు. తాడు దిగుతోంది… దిగుతూనే ఉంది. పడవంచు మీద గరగరమని రాపిడి. పీచు కమురువాసన.

"బావా, ఇక్కడింత లోతెక్కడిది?" బంగార్రాజు గొణిగాడు.

చుట్టూ నీళ్లు బూడిదరంగుకి తిరిగాయి. చేపలు వెల్లకిలా తేలాయి, మొప్పలనిండా మెత్తటి బురద. ఎండ కాస్తూనే ఉంది. ఒళ్లు మాత్రం కొయ్యబారే చలి.

తాడు అయిపోయింది. కొస పడవకే కట్టి ఉంది. పడవ ముక్కు వంగింది. తాడు మెలికొకటి బంగార్రాజు చీలమండకి బిగిసి, వాణ్ణి అంచుదాకా ఈడ్చింది.

"బావా… కింద ఎవరో లాగుతున్నారు."

నాగులు మొలలోని కత్తి లాగాడు. ఆ ఇంటికి కూడుపెట్టేది ఆ వలొక్కటే. ఒక్క క్షణం ఆగాడు… తాడు కోసేశాడు.

పడవ నిలబడింది.

ఇంటికొచ్చాక గంగారత్నం తమ్ముడి ఒళ్లంతా తడిమి చూసింది. గుడ్డలు పొడిగానే ఉన్నాయి. వాడసలు నీళ్లలో పడనేలేదు. అన్నం కలిపి పెట్టింది. మొదటి ముద్దకే దగ్గాడు. కంచంలో పడింది… గుప్పెడు బూడిదరంగు బురద, మంచులా చల్లగా. అందులో గోరంత తెల్లటి ప్రాణి. కళ్లు లేవు. అంటుకోడానికి చోటు వెతుక్కుంటున్నట్టు అటూ ఇటూ తడుముకుంటోంది.

బంగార్రాజు మళ్లీ దగ్గాడు.

చాల్లే, లేవండి. అమ్మలు కంచాలు పెట్టి చూస్తుంటారు. పోయి తినండి… మెల్లిగా తినండి.