పేరు వెనక పేరు

"ఆ పేరు వద్దు నూలా! ఇంకేదైనా పెట్టుకో... నీ ఇష్టం. ఆ ఒక్క పేరు మాత్రం ఈ ఇంట్లో మళ్ళీ వినపడకూడదు!"

బార్బ్ర చేతిలోని టీ కెటిల్‌ను పొయ్యిమీద పెట్టబోయి బల్లమీద పెట్టేసింది. ఒలికిన నీళ్ళు బల్ల అంచునుంచి కారుతున్నాయి. గచ్చుమీద మరక పడితే సహించని మనిషి, వాటివైపు చూడనైనా చూడలేదు.

నూలా ఒళ్ళో పసివాడు నిద్రపోతున్నాడు. పుట్టి ఇంకా నెల నిండలేదు. ఆదివారం జ్ఞానస్నానం. పేరేమిటో చెప్పమని ఫాదర్ రెండుసార్లు కబురు పంపాడు. అత్తాకోడళ్ళిద్దరూ ఇన్నాళ్ళూ "చిన్నోడు", "బుజ్జి దొర" అంటూ నెట్టుకొచ్చారు. ఈ ఉదయం నూలా ధైర్యం తెచ్చుకుని నోరు తెరిచింది... "అత్తయ్యా, వాళ్ళ నాన్న పేరే పెడదామండీ. మక్‌దారా."

పీతల బోనులు తియ్యడానికి వెళ్ళిన మక్‌దారా పోయిన శీతాకాలంలో సముద్రం పాలయ్యాడు. అప్పటికి నూలాకు నెల తప్పింది. ఆ సంగతి అతనికి చెప్పడానికి ఆదివారం దాకా ఆగుదామనుకుంది. ఆ ఆదివారం ఊరంతా అతని శవపేటిక వెనక నడిచింది.

"తండ్రి పేరు కొడుక్కి పెట్టుకోవడం తప్పా అత్తయ్యా? నాకు ఆయన మిగిల్చింది వీడొక్కడే కదండీ!"

"తప్పని నేనన్నానా? వద్దన్నాను అంతే!"

బార్బ్ర మాట ముగించేలోపే తలుపు తోసుకుని డీలియా లోపలికొచ్చింది. పక్కింటావిడ. తట్టకుండా రావడం ఆవిడకు ముప్ఫై ఏళ్ళ అలవాటు. చంకలో రేకు డబ్బా, అందులో ఎండుద్రాక్ష కేకు.

"జ్ఞానతల్లిని కాబోతున్నాను, పిల్లాడి పేరేంటని ఊళ్ళో అందరూ నన్నే అడుగుతున్నారు. తెలీదంటే నమ్మరు. డీలియాకి తెలీని సంగతి ఈ ఊళ్ళో ఉందా అంటున్నారు! ఏమే నూలా, ఫినియన్ బాగుంటుంది కదూ?"

"అది మీ గాడిద పేరు!" అంది బార్బ్ర.

"గాడిదకంటే ముందు అది పునీతుడి పేరు వదినా! తీసుకెళ్ళి గాడిదకు పెట్టిన పాపం మా ఆయనది. పోనీ డోనల్?"

"డోనల్ అని కేకేస్తే ఈ రోడ్డుమీద ఐదుగురు తలలు తిప్పుతారు పిన్నీ," అంది నూలా కళ్ళు తుడుచుకుంటూ.

"అయితే ఆచారం ప్రకారం తాత పేరు పెట్టేయండి. పీదర్! మొదటి మగపిల్లాడు కదా." డీలియా కుర్చీ లాక్కుని కూర్చుంది. "అయినా ఏం పెడితే ఏముందిలే! ఎలాగూ వీణ్ణి బార్బ్ర పేరుతోనే పిలుస్తారు."

ఆ ఊళ్ళో సగంమందిది ఒకటే ఇంటిపేరు. అందుకని ఎవరూ దాన్ని వాడరు. మనిషి పేరు వెనక తండ్రి పేరు, దాని వెనక తాత పేరు కలిపి పిలుస్తారు. నూలా కాపురానికొచ్చేసరికి భర్తను అందరూ "మక్‌దారా పీదర్" అంటున్నారు. అయితే తండ్రి చిన్నప్పుడే పోయి, పిల్లవాడు తల్లి దగ్గరో నాయనమ్మ దగ్గరో పెరిగితే, ఆ పెంచిన మనిషి పేరే వాడి వెనక చేరుతుంది. ఎవరూ కావాలని చెయ్యరు. రోజూ గుమ్మంలో కనపడే మనిషి పేరే నోటికి వస్తుంది.

"మా ఆయన్ని చూడు," డీలియా నవ్వుతూ అంది. "తల నెరిసింది, ఇప్పటికీ 'కొలమ్ కేట్' అంటారు. కేట్ మా అత్తగారు. మామగారు మా ఆయన పసివాడిగా ఉన్నప్పుడే మునిగిపోయాడు. ఆయన పేరు... ఏదో రో... రోరీ! చూశావా, ఇంటి కోడల్ని, నాకే తడుముకోవాల్సొచ్చింది!"

నూలా నవ్వలేదు. బిడ్డను గుండెకు హత్తుకుంది. ఒక్కసారిగా ఏడుపు తన్నుకొచ్చింది.

"అదే పిన్నీ నా భయం! ఇంకో ఇరవై ఏళ్ళకు ఈ ఊళ్ళో మక్‌దారా పేరు ఎవరి నోట్లో ఉంటుంది? నా కొడుక్కి తండ్రి ఉండేవాడని కూడా మరిచిపోతారు! అందుకే వీడికి ఆ పేరే కావాలంటున్నాను... నేనడిగేది పెద్ద కోరికా చెప్పు!"

డీలియా నవ్వు ఆగిపోయింది. బార్బ్ర ఖాళీ బుట్ట తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది.

"నేను నోరు జారానా?" అంది డీలియా మెల్లిగా.

"లేదు పిన్నీ. ఉన్నదే అన్నావు."

అప్పుడే నూలాకు ఒక సంగతి తట్టింది. అంత్యక్రియలు జరిగిన నాటినుంచీ అత్తగారి నోట మక్‌దారా పేరు రాలేదు. "వాడు" అనేది. "మావాడు" అనేది. అతని బూట్లకు రంగు వేసింది, చొక్కాలు ఇస్త్రీ చేసి పెట్టెలో సర్దింది. పేరు మాత్రం పలకలేదు.

బిడ్డను డీలియాకు అందించి నూలా పెరట్లోకి నడిచింది. వాన వచ్చేలా ఉంది. గాలికి తీగమీద గుడ్డలు టపటపా కొట్టుకుంటున్నాయి. బార్బ్ర పసివాడి గుడ్డలు ఒక్కొక్కటే తీసి మడత పెడుతోంది. కింద రేవు, దాని అవతల బూడిదరంగు నీళ్ళు.

"అత్తయ్యా..."

బార్బ్ర తిరగలేదు. "ఆ పేరు పెట్టింది నేనే. వాళ్ళ నాన్న పీదర్ వేరే పేరన్నాడు. నేనే పట్టుబట్టాను. అది పడవలవాళ్ళు మొక్కే పునీతుడి పేరు. ఆయన దీవి ముందునుంచి వెళ్ళే ప్రతి పడవా తెరచాప మూడుసార్లు దించి దణ్ణం పెట్టి పోతుంది కదా, ఆయన పేరు పెట్టుకుంటే బిడ్డకు నీళ్ళ గండం ఉండదనుకున్నాను."

"మీ తప్పేముందండీ అందులో!"

"ఆ సాయంత్రం నువ్వు మీ పుట్టింట్లో ఉన్నావు. పడవలన్నీ వచ్చాయి, వాడిది రాలేదు. నేను రేవు చివర నిలబడి పిలిచాను. పిలిస్తే రాడని తెలుసు... అయినా పిలిచాను. కొలమ్ వచ్చి భుజాలు పట్టుకుని లాక్కెళ్ళేదాకా పిలుస్తూనే ఉన్నాను. చివరకు గొంతులోంచి గాలి తప్ప ఇంకేం రాలేదు నూలా!"

నూలాకు ఇది ఎవరూ చెప్పలేదు.

"రేపు వీడు ఆ రాళ్ళమీద ఆడుకుంటుంటే నేనే అన్నానికి పిలవాలి," అంది బార్బ్ర, రేవు పక్క రాళ్ళు చూపిస్తూ. "ఆ పేరు పిలిచానంటే నా కళ్ళు బిడ్డవైపు పోవు... నీళ్ళవైపే పోతాయి. వీడు పక్కనే నిలబడి 'ఏంటి నాయనమ్మా' అన్నా నాకు వినపడదు. నేనింకా వాణ్ణే పిలుస్తుంటాను. ఈ పసివాడికి నేను అన్యాయం చెయ్యలేను తల్లీ..."

మడత పెట్టిన గుడ్డల్లో ముఖం దాచుకుంది ఆవిడ. నూలా వెనకనుంచి ఆ సన్నని భుజాలను చుట్టుకుంది. అత్తగారు ఇంత చిక్కిపోయిందని చేతులు వేసేదాకా తెలియలేదు.

"వద్దండీ," అంది. "వేరే పేరు చూద్దాం."

మర్నాడు నూలా బిడ్డను శాలువాలో చుట్టుకుని చర్చి వెనకకు వెళ్ళింది. లోకంలో తల్లులు బిడ్డలకు పేర్లు ఎక్కడెక్కడో వెతుక్కుంటారు. ఆమె సమాధి రాళ్ళమధ్య వెతికింది... ఏ రాతిమీదా లేని పేరుకోసం. డోనల్ ఉంది, పీదర్ ఉంది, కొలమ్ ఉంది, ఫినియన్ కూడా ఉంది. ఈ ఊళ్ళో ఏ పేరు పలికినా దాని వెనక ఏడ్చినవాళ్ళు ఎవరో ఒకరున్నారు.

చివర ఉన్న కొత్తరాయి దగ్గర ఆగింది.

"నీ పేరు వాడికివ్వలేకపోతున్నాను," అంది నెమ్మదిగా. "కోపం తెచ్చుకోకు. మీ అమ్మ బతికున్న మనిషి కదా... ఆవిడ వాణ్ణి పిలుచుకోవాలి."

పసివాడు కళ్ళు తెరిచి ఆకాశంవైపు చూశాడు.

ఆదివారం చర్చి నిండింది. తన తమ్ముణ్ణి జ్ఞానతండ్రిగా పక్కన నిలబెట్టుకుని, డీలియా కొత్త టోపీ సర్దుకుంటోంది. ఫాదర్ నవ్వుతూ అడిగాడు.

"ఈ బిడ్డకు ఏం పేరు పెడుతున్నావమ్మా?"

నూలా ఒక్క క్షణం ఆగింది. ముందు వరుసలో బార్బ్ర జపమాల పట్టుకుని తల దించుకుని ఉంది.

"లోర్కన్, ఫాదర్."

బార్బ్ర తలెత్తింది. పెదవులు కదిలాయి. ఆ కొత్తపేరును లోలోపలే పలికి చూసుకుంటున్నట్టుంది. నుదుటిమీద చల్లని నీళ్ళు పడగానే లోర్కన్ చర్చి దద్దరిల్లేలా ఏడ్చాడు.

"గొంతు మాత్రం అచ్చం మీ వంశానిదే!" అని ఎవరో అంటే అందరూ నవ్వారు.

చర్చి మెట్లమీద ఊరి పెద్దలంతా గుమిగూడారు. కొలమ్ టోపీ తీసి చంకలో పెట్టుకుని, శాలువా కాస్త తొలగించి చూశాడు. గాడిదకు ఫినియన్ అని పేరు పెట్టిన డీలియా భర్త ఆయనే.

"మంచిపేరు! మన ఊళ్ళో కొత్తపేరు. రావయ్యా రా... లోర్కన్ బార్బ్ర!"

ఆయన మర్యాదగానే అన్నాడు. నలుగురూ తలలూపారు. "లోర్కన్ బార్బ్ర" అన్నారొకరిద్దరు, నోటికి అలవాటు చేసుకుంటున్నట్టు. నూలా శాలువా అంచు సరిచేస్తూ తల వంచుకుంది. జరగాల్సిందే జరిగింది... ఇంతే అనుకుంది.

"కాదు!"

అంతా తిరిగి చూశారు. బార్బ్ర పైమెట్టుమీద నిలబడి ఉంది. ముఖం తెల్లగా పాలిపోయింది. జపమాల చేతికి బిగుసుకుని ఉంది.

"వాడు నా పేరున పెరగడు, కొలమ్. వాడికి తండ్రి ఉన్నాడు."

ఆవిడ ఒక మెట్టు దిగింది. పెదవులు అదిరాయి. నూలా చెయ్యి చాచింది. బార్బ్ర ఆ చెయ్యి పట్టుకుంది.

"లోర్కన్... మక్‌దారా," అంది. "లోర్కన్ మక్‌దారా పీదర్. అందరూ విన్నారా? ఎవరు పిలిచినా అలాగే పిలవండి. నేనూ అలాగే పిలుస్తాను."

కొలమ్ కళ్ళు చెమర్చాయి. తన తండ్రి పేరు ఇలా ఎవరూ నిలబడి చెప్పలేదని గుర్తొచ్చిందో ఏమో!

"లోర్కన్ మక్‌దారా," అన్నాడు గంభీరంగా, పెద్దమనిషికి నమస్కరించినట్టు తలవంచి. వెనకనుంచి ఇంకొకరన్నారు. డీలియా ముక్కు చీదుకుంటూ అంది. రెండోమెట్టుమీది ముసలాయనకు చెవుడు కాబట్టి గట్టిగా అరిచినట్టే అన్నాడు. ఆ పేరు మెట్లన్నీ దిగి రోడ్డుమీదికి వెళ్ళింది. నూలా కళ్ళు మూసుకుని విన్నది.

"మీకు కష్టం కాదా అత్తయ్యా?" అంది చివరకు.

"కష్టమే. కానీ ముందు వీడి పేరు వస్తుంది కదా... బిడ్డవైపు చూశాకే ఆ పేరు పలుకుతాను. నువ్వు అంత వదులుకున్నావు. నేను ఈ మాత్రం చెయ్యలేనా తల్లీ!"

బిడ్డను ఇటివ్వమని చేతులు చాచింది. మనవణ్ణి ఎత్తుకుని ఇంటిదారి పట్టింది. నూలా పక్కనే నడుస్తోంది. మలుపు తిరగ్గానే బార్బ్ర నోరు విప్పింది.

"మక్‌దారాకి జ్ఞానస్నానం చేయించిన రోజు ఏమైందో తెలుసా నీకు? వాడు ఫాదర్ కళ్ళజోడు పట్టుకుని లాగేశాడు..."

ఇంటి గుమ్మం దాకా ఆవిడ ఆపకుండా చెబుతూనే ఉంది.