నడిమి మొగ్గ

కంచె పొడవునా నేల మీద పడి ఉన్న పచ్చి మొగ్గల్ని చూడగానే చిన్నమ్మాయికి అరికాలి మంట నెత్తికెక్కింది. అవి పురుగు కొట్టి రాలినవి కావు. ఎవరో పని గట్టుకుని గోటితో గిల్లినవి.

అక్క పెళ్లికి ఇంకా రెండు వారాలే ఉంది. హాలు నిండా మన తోట పూలే ఉండాలి, బయట ఒక్క పువ్వు కూడా కొనేది లేదు అని ఈ పిల్ల చుట్టాలందరి ముందూ గొప్పలు పోయి ఉంది. ఇంటికొచ్చి అడిగిన పూల షాపతన్ని కూడా వద్దని పంపించేసింది. పగలంతా మందుల షాపులో నిలబడి, ఇంటికొచ్చాక మళ్లీ నడుం వంచి, కంచె వెంట పెంచిన గుత్తి గులాబీల్ని కంటికి రెప్పలా చూసుకుంది. అందులో గొప్ప కోసం చేసింది కొంచెమే. అమ్మ లేని ఇంట్లో తనకి జడలు వేసి, అన్నం పెట్టి, స్కూలుకి పంపింది అక్కే. అలాంటి అక్క వెళ్లిపోతుంటే తన చేతులతో పెంచింది ఏదైనా ఇవ్వాలని ఆ పిల్ల ఆశ.

"ఎవరు చేశారిది?" అంది. గట్టిగా అరవలేదు. అరవనందుకే వసారాలో కునుకు తీస్తున్న నానమ్మ లేచి కూర్చుంది.

మేడ మీద అద్దెకుండే డ్రైవింగ్ మాస్టారు నవ్వుతూ మెట్లు దిగాడు. పాపం, మెచ్చుకుంటుందనుకున్నాడు.

"నేనేనండి. మీకు తీరిక దొరకట్లేదని నిన్న నానమ్మగారితో అంటుంటే విన్నాను. పొద్దున్నే లేచి మొత్తం కానిచ్చేశాను. పక్క మొగ్గలన్నీ తీసేసి నడిమిది ఒక్కటే ఉంచాను. అచ్చం మీరు చేసినట్టే."

అచ్చం ఆమె చేసినట్టే, నిజమే. కాకపోతే ఆమె అలా చేసేది గేటు పక్కనున్న పెద్ద గులాబీలకి. వాటికి పక్క మొగ్గలు తీసేస్తే నడిమిది అరచేయంత పువ్వవుతుంది. గుత్తి గులాబీల లెక్క వేరు. అక్కడ నడిమి మొగ్గే తొందరపడి అందరికన్నా ముందు విచ్చుకుని వాడిపోతుంది. దాన్ని గిల్లేస్తే మిగతావన్నీ ఒక్కసారిగా, సరిగ్గా పెళ్లి నాటికి విరగబూస్తాయి. మాస్టారు ఉంచాల్సినవి తీసేసి, తీయాల్సినవి ఉంచాడు.

"నేనెలా గిల్లుతానో మీకెలా తెలుసు?"

మాస్టారు కిటికీలోంచి చూశానన్నాడు. ఎప్పుడని అడిగింది.

"రోజూ," అని నాలుక కరుచుకున్నాడు.

ఇంకోరోజైతే ఆ మాటకి ఆమె బుగ్గలు ఎర్రబడేవేమో. ఆ రోజు మాత్రం కళ్లే ఎర్రబడ్డాయి. "రోజూ చూసేవాళ్లు ఒక్కరోజు దిగొచ్చి అడగొచ్చు కదండీ," అని లోపలికెళ్లి తలుపేసుకుంది.

నాలుగు రోజులు తిరక్కుండానే కంచె పూసేసింది. పెళ్లి నాటికి ఒక్కటీ మిగలదు. దారిన పోయేవాళ్లు ఆగి మరీ మెచ్చుకుంటుంటే చిన్నమ్మాయికి ఏడుపొక్కటే తక్కువ. పూల షాపతనికి నాన్న ఫోన్ చేస్తే, ఆ రోజుకి వేరే పని ఒప్పుకున్నానన్నాడు. పూలు లేకపోతే పెళ్లి ఆగుతుందా అని అక్క ఊరుకోబెట్టబోయింది. దాంతో ఆ కాస్త ఏడుపూ అయింది.

మాస్టారు కంటపడటం మానేశాడు. తెల్లారకముందే వెళ్తాడు, అందరూ భోంచేశాక వస్తాడు. పై కిటికీకి కర్టెన్ పడింది. నీళ్లు పోస్తూ పోస్తూ చిన్నమ్మాయి తల ఊరికే పైకి లేచేది. ఎవరూ చూడని తోటలో పనిచేయడం ఇంత విసుగ్గా ఉంటుందని ఆమెకి అంతకుముందు తెలియదు.

"అలా చూస్తే ఆ గుడ్డ చిరుగుతుందే," అంది నానమ్మ.

పెళ్లి రోజు పొద్దున్నే గేటు ముందు హారన్ మోగింది. డ్రైవింగ్ స్కూలు కారు నత్తనడకన వచ్చి ఆగింది. నడుపుతున్నది ఒక పెద్దావిడ. పక్క సీట్లో మాస్టారు, ఒళ్లో రెండు బకెట్లు. వెనక సీటు, డిక్కీ నిండా పూలే. గులాబీలు, డాలియాలు, కార్నేషన్లు, లిల్లీలు, ఏ రెండు బకెట్లకీ పోలిక లేదు.

"కొన్నది ఒక్కటి కూడా లేదండి," అన్నాడు మాస్టారు. "నా దగ్గర నేర్చుకునేవాళ్ల ఇళ్లల్లో, వాళ్ల వీధుల్లో పూసినవి. మీరన్న మాట పోకూడదని."

పెద్దావిడ స్టీరింగ్ వదలకుండానే నిట్టూర్చింది. "ఏ తోట కనపడితే అక్కడ కారు ఆపించి, మీ అక్కగారి పెళ్లి సంగతి చెప్పడమేనమ్మా. నాకింకా రివర్స్ తీయడం రాలేదు."

చిన్నమ్మాయి కారు తలుపులన్నీ తెరిచింది. బకెట్లు దింపించి, వసారాలో కూర్చుని, ఊరందరి పూలూ కలిపి అక్క చేత పట్టుకోవడానికి గుత్తి కట్టింది. అది అందుకుని అక్క చెల్లెల్ని గట్టిగా పొదువుకుంది. పాడైపోతుంది, వదులు అని ఏడుస్తూనే నవ్వింది చెల్లెలు.

తర్వాత బయటికొచ్చింది. మాస్టారు డిక్కీ తుడుస్తున్నాడు. చేతుల నిండా ముళ్ల గీతలు.

"మీరంటే నాకు ఇష్టం," అంది, ఇంకేం ఉపోద్ఘాతం లేకుండా. "ఈ పూలు తెచ్చినందుక్కాదు. కర్టెన్ వేసేశాక తెలిసింది."

మాస్టారి చేతిలో గుడ్డ జారిపోయింది. "ఇంకోసారి చెప్పరూ," అన్నాడు. "సరిగ్గా వినపడలేదు."

"నాకు వినపడింది బాబూ," అన్నాడు వెనకనుంచి నాన్న. ఆయన రెండు చేతులా నీళ్లోడుతున్న బకెట్లు. "ముందు వీటిలో ఒకటి అందుకో. ఈ పెళ్లి కానిస్తే, మా రెండోదాని పెళ్లి సంగతి సాయంత్రం కూర్చుని మాట్లాడుకుందాం."